ఒపినెల్ 8 నంబరా, విక్టోరినాక్స్ టింకరా: రోజూ జేబులో ఏ చాకు ఉండాలి?

జేబులో పెట్టుకోవడానికి మంచి మడత చాకు ఒకటి కొనాలని వెతకడం మొదలుపెట్టినవాళ్లు, నాలుగు రోజులు వీడియోలు చూసి, కళ్లు తిరిగే ధరల చాకులన్నీ పక్కన పెట్టేశాక, ఎక్కువగా రెండు పేర్ల దగ్గరే తేలతారు. ఒకటి ఫ్రాన్స్ చెక్కపిడి చాకు ఒపినెల్, అందులోనూ 8 నంబరు. రెండోది స్విట్జర్లాండ్ ఎర్ర చాకు విక్టోరినాక్స్. అందులో రకాలు బోలెడు గానీ మన అవసరాలకు దగ్గరగా ఉండేది టింకర్. రెండూ నూరేళ్లు దాటిన కంపెనీల సరుకే, రెండూ మామూలు ఉద్యోగస్తుడు కొనగలిగినవే, రెంటి మీదా ఒట్టేసి చెప్పే అభిమానులున్నారు.

ఏది బాగా తెగుతుంది అని అడిగితే జవాబు ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు, ఒపినెల్. అందులో పెద్ద వాదనేం లేదు. కానీ ఆ ఒక్క ప్రశ్న మీద కొన్న చాకు చాలాసార్లు ఆరు నెలలు తిరక్కుండానే వంటింటి సొరుగులోకి చేరుతుంది. ఎందుకంటే జేబు చాకు తెరుచుకుని పని చేసేది రోజు మొత్తం మీద రెండు మూడు నిమిషాలు. మిగతా సమయమంతా అది మడిచే ఉంటుంది, తాళాల గుత్తి పక్కన, చెమటలో, వానలో, బస్సు సీట్లో తొడకింద నలుగుతూ, మాల్ గేటు దగ్గర స్కానర్ ముందు. ఆ మడిచి ఉన్న సమయాన్ని ఏది బాగా గడుపుతుంది అన్నది చూస్తే లెక్క తిరగబడుతుంది. అక్కడ ఎర్ర చాకుదే పైచేయి.

అసలు జేబులో చాకు ఎందుకు అని అడిగేవాళ్లు మన దగ్గర ఎక్కువే. చాకు అనగానే రాంపురి గుర్తొస్తుంది మరి. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ పేరు మోస్తున్న ఆ పొడుగాటి మడత చాకు సినిమాల్లో రౌడీల చేతుల్లో తిరిగీ తిరిగీ, మడత చాకు ఉన్నదే పొడవడానికి అన్న ముద్ర వేసిపోయింది. మన ఊళ్లలో అందరికీ బాగా తెలిసిన మడత కత్తి మాత్రం మంగలి కత్తి, దాన్ని చూసి ఎవరూ భయపడరు. రోజువారీ చాకు పనులు కూడా అలాంటివే, సాదాసీదావి. కొరియర్ డబ్బా మీద టేపు కోయడం, బియ్యం బస్తా కుట్టు విప్పడం, రైల్లో పెరుగన్నంలోకి ఉల్లిపాయ తరుక్కోవడం, జామకాయ నాలుగు ముక్కలు చేయడం, డ్రిప్ పైపు తెగ్గోయడం, కొత్త చొక్కాకు వేలాడే ప్లాస్టిక్ దారం తెంపడం. పళ్లతో చింపడం, తాళంచెవితో గీరడం మానేయడానికి పనికొచ్చే వస్తువు, అంతే. ఆత్మరక్షణ కోసం అని కొనేవాళ్లుంటే ఈ రెండూ వద్దు, ఆ ఆలోచనే వద్దు.

ఒపినెల్ కథ ఆల్ప్స్ కొండల్లోది. సావోయ్ ప్రాంతంలో మోరియెన్ లోయ అని ఉంది, అక్కడ గొడ్డళ్లు, కొడవళ్లలాంటి పనిముట్లు చేసే కుటుంబంలో పుట్టిన జోసెఫ్ ఒపినెల్ 1890లో, ఇంకా ఇరవయ్యేళ్లు కూడా నిండని వయసులో, రైతుల కోసం ఈ చాకు తయారు చేశాడు. 1897కి 1 నుంచి 12 దాకా పన్నెండు సైజులు వచ్చాయి. తర్వాత 1, 11 నంబర్లు ఆపేశారు, మిగతా నంబర్లు ఇప్పటికీ నడుస్తున్నాయి. బ్లేడు మీద కనిపించే కిరీటం పెట్టిన చేయి గుర్తు 1909 నాటిది. 8 నంబరులో బ్లేడు పొడవు 8.5 సెంటీమీటర్లు, మడిస్తే చాకు మొత్తం 11 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, బరువు 50 గ్రాములు కూడా ఉండదు. అంత పెద్ద బ్లేడుకు అంత తక్కువ బరువేమిటి అంటే, లోపల స్ప్రింగు లేదు, ఇనుప రేకులు లేవు. బీచ్ అనే చెట్టు చెక్కతో చేసిన పిడిలో ఒక చీలిక, అందులో బ్లేడు, మొదట్లో ఒక ఇనుప కట్టు, దానికి అడ్డంగా ఒక మేకు, పైన తిరిగే రింగు. మొత్తం ఐదే భాగాలు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం 1985లో ప్రపంచంలోని వంద ఉత్తమ డిజైన్లలో దీన్నీ చేర్చింది. చేతిలోకి తీసుకుంటే ఎందుకో అర్థమవుతుంది, తీసేయడానికి ఇందులో ఇంకేమీ మిగల్లేదు.

ఇది అంత బాగా ఎందుకు తెగుతుందంటే ఉక్కు గొప్పతనం కొంత, పల్చదనం చాలా. బ్లేడు వెన్ను దగ్గర కూడా రెండు మిల్లీమీటర్ల లోపే, అక్కడి నుంచి వాదర దాకా రెండు పక్కలా అతి స్వల్పంగా ఉబ్బుగా సన్నబడుతూ వస్తుంది. దళసరి చాకుతో క్యారెట్ కోసి చూడండి, సగం దాకా కోసి, ఆ పైన టప్‌మని చీలుతుంది. వాదర ఎంత పదునున్నా వెనకాల వచ్చే దళసరి భాగం చీలికలో దూరే మేకులా పని చేస్తుంది కాబట్టి. ఒపినెల్ చివరిదాకా కోస్తూనే పోతుంది. అందుకే తిండి పనులకు ఈ చాకును మించింది ఈ ధరలో దొరకడం కష్టం. టింకర్ బ్లేడు కూడా మరీ మొద్దేం కాదు, మామూలు జేబు చాకులతో పోలిస్తే పల్చనే, కానీ పక్కపక్కన పెట్టి టమాటా కోస్తే తేడా చిన్నపిల్లలకైనా తెలుస్తుంది.

ఇక ఎర్ర చాకు పుట్టుక చూస్తే దాని స్వభావం తెలుస్తుంది. స్విట్జర్లాండ్‌లో ష్విట్స్ ప్రాంతంలోని ఇబాఖ్‌లో కార్ల్ ఎల్సెనర్ 1884లో కత్తుల కార్ఖానా పెట్టాడు. అప్పట్లో స్విస్ సైన్యానికి ఒక మడత చాకు కావాల్సి వచ్చింది, తిండి డబ్బా తెరవడానికి, అంతకన్నా ముఖ్యంగా కొత్తగా వచ్చిన ష్మిట్-రూబిన్ రైఫిల్‌ను విప్పి శుభ్రం చేసుకోవడానికి, అంటే స్క్రూడ్రైవర్ ఉన్న చాకు. మొదటి విడత జర్మనీలోని జోలింగెన్ నుంచి తెప్పించుకున్నారు, 1891 నుంచి ఎల్సెనర్ అందించడం మొదలుపెట్టాడు. 1897లో అధికారుల కోసం తేలికపాటి చాకు రూపొందించాడు, దాని కిటుకు ఏమిటంటే ఒకే స్ప్రింగు పిడికి రెండు వైపులా ఉన్న పనిముట్లను పట్టుకుంటుంది. 1909లో తల్లి విక్టోరియా చనిపోయాక ఆమె పేరు కంపెనీకి పెట్టాడు. 1921లో తుప్పు పట్టని ఉక్కు, అంటే ఫ్రెంచిలో 'ఇనాక్స్', వాడటం మొదలయ్యాక రెండూ కలిసి విక్టోరినాక్స్ అయింది. కోయడంతో పాటు విప్పడం, తెరవడం, గుచ్చడం, లాగడం కూడా ఈ చాకు పుట్టినప్పటి నుంచీ దాని పనులే.

టింకర్ మడిస్తే 9.1 సెంటీమీటర్లు, బరువు 60 గ్రాముల పైచిలుకు. ఒక పెద్ద బ్లేడు, ఒక చిన్న బ్లేడు, డబ్బా మూత తీసేది, సీసా మూత తీసేది, ఆ రెండింటి కొసలూ స్క్రూడ్రైవర్లే, వైరు తోలు వలిచే గాడి, వెనకవైపు రంధ్రాలు పొడిచే దబ్బనం, స్టార్ స్క్రూడ్రైవర్, పిడిలో దూర్చిన చిన్న పట్టకారు, టూత్‌పిక్, తాళాల రింగు. విక్టోరినాక్స్ రకాల్లో అందరూ ఎక్కువగా వినేది స్పార్టన్ పేరు. ఆ రెంటికీ ఉన్న తేడా ఒక్కటే, స్పార్టన్‌లో స్టార్ స్క్రూడ్రైవర్ ఉండాల్సిన చోట వైన్ సీసా బిరడా తీసే మెలిక ఉంటుంది. ఆ మెలికతో బిగుసుకుపోయిన ముడులు విప్పొచ్చు, కళ్లజోడు స్క్రూ బిగించే బుల్లి స్క్రూడ్రైవర్‌ను విడిగా కొని అందులో బిగించుకోవచ్చు, అన్నీ నిజమే. అయినా మన ఇళ్లలో వారానికి ఎన్నిసార్లు బిరడా సీసా తెరుస్తారు, ఎన్నిసార్లు స్విచ్‌బోర్డు, మిక్సీ, పిల్లల బొమ్మ బ్యాటరీ మూత స్టార్ స్క్రూ విప్పాల్సి వస్తుంది అని లెక్కేసుకుంటే టింకరే.

ఇప్పుడు అసలు గొడవ, లాక్.

ఒపినెల్‌లో బ్లేడు తెరిచాక మెడ దగ్గర ఉన్న రింగును తిప్పాలి. రింగులో ఒక సందు ఉంటుంది, ఆ సందు బ్లేడు దారిలో ఉన్నంతసేపు బ్లేడు మడత పడుతుంది, రింగు తిరిగి సందు పక్కకు పోగానే బ్లేడు మడత పడే దారికి అడ్డంగా ఉక్కు గోడ వచ్చేస్తుంది. దీన్ని 1955లో జోసెఫ్ కొడుకు మార్సెల్ కనిపెట్టాడు, విరోబ్లాక్ అంటారు. 2000 నుంచి మడిచినప్పుడు కూడా అదే రింగుతో లాక్ చేసేలా మార్చారు, సంచిలో పొరపాటున తెరుచుకోకుండా. ఇంత సులువైన, ఇంత గట్టి లాక్ ఇంకోటి చూపించడం కష్టమే. టింకర్‌కు లాక్ లేదు. పిడి వెన్నులో ఉన్న స్ప్రింగు బ్లేడు మొదలును నొక్కి పట్టుకుంటుంది, అంతే. వెనక నుంచి గట్టిగా నొక్కితే బ్లేడు వేళ్ల మీదకు మడత పడుతుంది.

ఇక్కడ చాలామంది ఒపినెల్ సురక్షితం, టింకర్ ప్రమాదం అని తీర్మానించేస్తారు. అంత తొందర అక్కర్లేదు. కోసేటప్పుడు బలం వాదర మీద పడుతుంది, అంటే బ్లేడు ఇంకా తెరుచుకునే వైపే, మడత పడే వైపు కాదు. బ్లేడు వెనక్కి మడత పడేది మొనతో పొడిచినప్పుడు, గుచ్చి తిప్పినప్పుడు, చెక్కలో ఇరుక్కున్న బ్లేడును ఊపి లాగినప్పుడు. అట్టపెట్టెకు కన్నం పెట్టాలనో, తోలు బెల్టుకు ఇంకో రంధ్రం కావాలనో చాకు మొనతో తిప్పి తిప్పి పొడవడమే వేళ్లు కోసుకునే దగ్గరి దారి. టింకర్‌లో ఆ పనికి దబ్బనం విడిగా ఉంది. ఇంకో సంగతి, కొనేవాళ్లు గమనించనిది. ఒపినెల్‌లో స్ప్రింగే లేదు కదా, రింగు తిప్పడం మర్చిపోతే బ్లేడును ఆపేది చెక్క రాపిడి ఒక్కటే. లాక్ వేసిన ఒపినెల్ టింకర్ కన్నా భద్రం, లాక్ మర్చిపోయిన ఒపినెల్ టింకర్ కన్నా ప్రమాదం. టేపు కోయడానికి రోజుకు పదిసార్లు తెరిచేవాడు పదిసార్లూ రింగు తిప్పుతాడా? మొదటి వారం తిప్పుతాడు. టింకర్ స్ప్రింగు మాత్రం ఎవరు గుర్తుపెట్టుకున్నా లేకున్నా దాని సగం కాపలా అది కాస్తూనే ఉంటుంది.

రెండు చాకులకూ తెరవడానికి రెండు చేతులు కావాలి, బ్లేడుకు ఉన్న గాడిలో గోరు దూర్చి లాగాలి. ఒంటిచేత్తో టక్కున తెరుచుకునే చాకులకు అలవాటుపడినవాళ్లకు ఇది నసగా అనిపిస్తుంది. నలుగురి మధ్య వాడేటప్పుడు ఇదే మేలు, నిదానంగా గోటితో తెరిచే చాకును చూసి ఎవరూ ఉలిక్కిపడరు. కాకపోతే ఒపినెల్ 8 తెరిస్తే చేతిలో దాదాపు జానెడు కత్తి కనిపిస్తుంది, పైగా రింగు కిర్రుమని తిరుగుతుంది. ఆఫీసులో పుట్టినరోజు కేకు పెట్టె తాడు కోయడానికి దాన్ని తీస్తే పక్కసీటు మనిషి ఒక్క క్షణం కుర్చీ వెనక్కి జరుపుతాడు. అదే పని ఎర్ర చాకుతో చేస్తే, ఏదీ ఒకసారి ఇటివ్వండి అని చేయి చాపుతాడు.

వాన, చెమట, తుప్పు. మన వాతావరణంలో ఒపినెల్ కొనేవాళ్లు అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించాల్సింది ఇదే. చెక్క తేమను పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండకు సన్నబడుతుంది. బ్లేడు తిరిగే చోట కూడా చెక్కే ఉంది కాబట్టి చెక్క ఉబ్బితే బ్లేడు పట్టేస్తుంది. అనంతపురం ఎండల్లో నూనె వేసినట్టు తిరిగిన చాకు జులైలో కాకినాడలో, విశాఖలో గోరు విరిగినా కదలదు. ఇది వాళ్ల దేశంలోనూ ఉన్న సమస్యే, అందుకే సావోయ్ రైతులు ఒక ఉపాయం పట్టారు. లాక్ తీసి, పిడి అడుగు మడమను బల్ల అంచు మీద టక్‌మని కొడితే బ్లేడు మొన కాస్త బయటికొస్తుంది, అప్పుడు వెన్ను పట్టుకుని లాగొచ్చు. దానికి సావోయ్ వాళ్ల దెబ్బ అనే పేరు కూడా ఉంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది గానీ, బస్టాండులో నిలబడి గోడకు చాకును కొడుతున్న మనిషిని చూసి జనం ఏమనుకుంటారో వేరే చెప్పాలా? కొన్న కొత్తలో చెక్కకు అవిసె నూనె రెండు మూడు పూతలు పట్టించి బాగా ఆరనిస్తే ఈ ఉబ్బు చాలా తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఇంకా పట్టేస్తుంటే చీలిక లోపలి గోడల్ని గరుకు కాగితంతో కొద్దిగా రుద్దడమే, అదీ ఎండాకాలంలో వద్దు, వానాకాలంలో చేసుకోవాలి. ఎండల్లో వదులు చూసి మోసపోతారు.

ఉక్కు సంగతి వేరే. ఒపినెల్ రెండు రకాల బ్లేడ్లతో వస్తుంది. ఒకటి కార్బన్ ఉక్కు, ఇందులో కార్బన్ సుమారు 0.9 శాతం, తుప్పును ఆపే క్రోమియం లేనట్టే. రెండోది సాండ్విక్ 12సి27 రకం స్టెయిన్‌లెస్, ఇందులో క్రోమియం 13 శాతం పైనే. కార్బన్ బ్లేడు అంటే ఏదో విదేశీ వింత అనుకోనక్కర్లేదు, అమ్మమ్మల కాలం నాటి ఇనుప కత్తిపీటదీ ఇదే తంతు. పచ్చి మామిడికాయ కోస్తే నల్లబడేది, వాడిన వెంటనే కడిగి గుడ్డతో తుడిచి పెట్టకపోతే పొద్దున్నకు ఎర్రటి తుప్పు. కొన్నేళ్లకు బ్లేడు మొత్తం నల్లగా, నీలంగా ఒక పొర కట్టేది, ఆ పొర వచ్చాక తుప్పు తగ్గేది. కార్బన్ ఒపినెల్ కూడా అంతే, నాలుగు మామిడికాయలు, ఆరు ఉల్లిపాయలు కోశాక దాని ముఖం మారిపోతుంది. కత్తిపీటకు ఒక సౌలభ్యం ఉంది, అది వంటింట్లో ఉంటుంది, కడగడానికి నీళ్లు, తుడవడానికి గుడ్డ పక్కనే. జేబు చాకుతో నిమ్మకాయ కోసి, ప్యాంటుకు తుడిచి, మడిచి జేబులో వేసుకుంటారు. ఆ పులుపు, చెమట, చెక్క తేమ అన్నీ కలిసి మడతలో చీకట్లో కూర్చుంటాయి. కోస్తా జిల్లాల్లో రోజూ జేబులో పెట్టుకునేవాళ్లకు కార్బన్ బ్లేడు వద్దు, స్టెయిన్‌లెస్ రకమే తీసుకోండి. కార్బన్ మీద మోజు తీరకపోతే వారానికోసారి ఒక చుక్క కొబ్బరినూనె రాసే ఓపిక ఉండాలి.

టింకర్‌కు ఈ బాధలేవీ లేవు. పిడి ప్లాస్టిక్, లోపలి పలకలు అల్యూమినియం, ఉక్కు తుప్పు పట్టనిది. కుళాయి కింద పెట్టి కడిగేయొచ్చు. అయితే పండ్లు కోసే అలవాటున్నవాళ్లకు ఇది ఇంకో రకంగా కోపం తెప్పిస్తుంది. మామిడిరసం కీళ్లలోకి దిగి ఎండితే బ్లేడు జిగురుపట్టి కదలదు, జేబులోని నూలు పోగులు, ఇసక అన్నీ ఆ సందుల్లోనే చేరతాయి. గోరువెచ్చటి నీళ్లలో ముంచి పది సార్లు తెరిచి మూసి, ఆరబెట్టి, కీలు మీద ఒక నూనె చుక్క వేస్తే సరి. తిండి శుభ్రత మాటకొస్తే ఒక చీలిక, ఒక బ్లేడు ఉన్న ఒపినెల్‌ను శుభ్రం చేయడమే సులువు, చెక్కను నానబెట్టనంత వరకు.

పదును పెట్టడం. టింకర్ ఉక్కు కాస్త మెత్తన, లోహాల గట్టిదనం చెప్పే రాక్‌వెల్ కొలతలో 56 దగ్గర. ఒపినెల్ ఉక్కు అంతకన్నా కొంచెం గట్టి. అంటే టింకర్ త్వరగా మొద్దుబారుతుంది, త్వరగానే పదునెక్కుతుంది కూడా. ఇంట్లో సానరాయి లేకపోతే పింగాణీ కప్పు బోర్లించి, అడుగున మెరుపు పూత లేని గరుకు అంచు మీద రెండు వైపులా పదేసి సార్లు రుద్దితే రోజువారీ పనికి చాలు. వాదరను రాయికి ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీల కోణంలో, అంటే కాస్త వాలుగా పెట్టి రుద్దాలి. ఒపినెల్‌ను ఇంకొంచెం పడుకోబెట్టాలి, లేకపోతే ఆ పల్చదనం వల్ల వచ్చిన లాభం కొన్నాళ్లకు పోతుంది. రెంటికీ చెప్పాల్సిన జాగ్రత్త ఒకటుంది. వీధిలో సైకిలు మీద సానచక్రం తిప్పుకుంటూ వచ్చేవాళ్లకు కత్తిపీట ఇవ్వండి, కూరగాయల కత్తి ఇవ్వండి, ఈ చాకులు మాత్రం ఇవ్వొద్దు. చక్రం మీద రవ్వలు లేచేటప్పుడు పల్చటి వాదర విపరీతంగా వేడెక్కుతుంది, నీలిరంగు తిరిగిందంటే అక్కడ ఉక్కు గట్టిదనం పోయినట్టే, ఇక ఎంత సాన పట్టినా ఆ చోట పదును నిలవదు. ఒపినెల్ అయితే ఒక్క పూటలో పాడవుతుంది.

చట్టం దగ్గరకొస్తే మన దేశంలో రెండూ చిన్నవే. ఆయుధ నియమాలు, 2016లో చాకులు, కత్తుల వర్గానికి పెట్టిన హద్దు బ్లేడు 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు. అందులోనూ ఇంటికి, వ్యవసాయానికి, పరిశ్రమకు తయారైనవాటికి మినహాయింపు ఉంది. 8.5 సెంటీమీటర్లంటే మూడున్నర అంగుళాలు కూడా కాదు. అయితే కొన్ని చోట్ల బటన్ నొక్కితే తెరుచుకునే చాకుల మీద ప్రత్యేక ఉత్తర్వులున్నాయి, ఎన్నికలప్పుడు, ఊరేగింపులప్పుడు పోలీసులు నిషేధాజ్ఞలు పెడతారు, ఆ సమయంలో జేబులో ఏ చాకున్నా సమాధానం చెప్పుకోవాలి. మెట్రో, మాల్, సినిమా హాలు, కోర్టు గేట్ల దగ్గర సెక్యూరిటీ వాళ్లకు సెంటీమీటర్లతో పనిలేదు, వాళ్ల కంటికి ఏం కనిపిస్తే అదే. రోజూ మెట్రో ఎక్కేవాళ్లు రెండిట్లో ఏదీ జేబులో పెట్టుకోకపోవడమే మంచిది, టెన్షన్ ఉండదు.

చదువులకు, ఉద్యోగాలకు బ్రిటన్ వెళ్లే మనవాళ్లకు మాత్రం ఈ ఎంపికలో రెండో ఆలోచన లేదు. అక్కడి 1988 చట్టం ప్రకారం సరైన కారణం లేకుండా బయట జేబులో ఉంచుకోగలిగేది మడిచే చాకు మాత్రమే, వాదర 3 అంగుళాలు మించకూడదు, లాక్ ఉండకూడదు. లాక్ ఉన్న చాకు ఆ మినహాయింపు కిందకి రాదని అక్కడి కోర్టులు చెప్పేశాయి. వాదర 6 సెంటీమీటర్ల చిల్లర ఉన్న, లాక్ లేని టింకర్ ఆ గీతకు లోపల ఉంది. ఒపినెల్ 8 లాక్ వల్లా బయటే, పొడవు వల్లా బయటే. వేళ్లను కాపాడే ఏర్పాటే చట్టం కంట్లో నేరం కావడం విడ్డూరమే గానీ చట్టం అలాగే ఉంది. జర్మనీలో పట్టింపు వేరు, మడత చాకుల్లో వాళ్లకు ముఖ్యంగా అభ్యంతరం లాకుతో పాటు ఒంటిచేత్తో తెరుచుకునే ఏర్పాటు ఉన్నవాటి మీద, రెండు చేతులు కావాలి కాబట్టి ఒపినెల్‌కు ఆ చిక్కు లేదు. అమెరికాలో రాష్ట్రానికో రూలు, కొన్నిచోట్ల ఊరికో రూలు.

విమానంలో చేతిసంచిలో రెండూ కుదరవు, చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టాల్సిందే. అమెరికా విమానాశ్రయ భద్రతా సంస్థ 2013లో 6 సెంటీమీటర్ల లోపు, లాక్ లేని చిన్న చాకులను క్యాబిన్‌లోకి అనుమతిద్దామని ప్రతిపాదించి, విమాన సిబ్బంది గట్టిగా వ్యతిరేకించడంతో కొన్ని నెలలకే వెనక్కి తగ్గింది. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత విమానాశ్రయ దుకాణాల్లో అమ్మకాలు ఆగిపోయి విక్టోరినాక్స్ చాకుల వ్యాపారం 30 శాతం పైగా పడిపోయింది. 2024లో అదే కంపెనీ బ్లేడే లేని జేబు పనిముట్ల మీద పనిచేస్తున్నామని ప్రకటించింది. చాకు కంపెనీయే చాకు తీసేసి అమ్మే ఆలోచనకు వచ్చిందంటే, ఇప్పటి ఊళ్లలో మనిషి వెంట ఉండే చాకుకు అసలు పరీక్ష ఎక్కడ జరుగుతోందో తెలుస్తూనే ఉంది.

జేబులో కూర్చునే తీరు కూడా చెప్పుకోవాలి. ఒపినెల్ పిడి గుండ్రం, చేతికి హాయి, గంటసేపు కోసినా అరచెయ్యి నొప్పి పుట్టదు. జేబులో మాత్రం పెద్ద మార్కర్ పెన్ను అడ్డంగా తిరిగినట్టు ఉంటుంది, బైకు మీద కూర్చుంటే తొడకు తగులుతుంది. లుంగీ కట్టేవాళ్లు రొంటిన దోపుకుంటే జారిపోతుంది. టింకర్ పొట్టి, మందం ఒకటిన్నర సెంటీమీటర్లు, తాళాల గుత్తికి తగిలించుకునేవాళ్లూ ఉన్నారు, కాస్త బరువైనా. కోసే పని ఎక్కువసేపు చేస్తే దాని అంచులు చేతికి గుచ్చుకుంటాయి, అది ఒప్పుకోవాల్సిందే.

కాబట్టి పట్నంలో ఉండి, బైకు మీదో బస్సులోనో తిరుగుతూ, రోజూ ఏదో ఒకటి విప్పాల్సిన, కోయాల్సిన మనిషికి టింకర్. తోటలో, పొలంలో, కారు డాష్‌బోర్డులో, వంట సామానుతో వెళ్లే పిక్నిక్ సంచిలో ఉండటానికి ఒపినెల్, స్టెయిన్‌లెస్ బ్లేడుతో. అంటు కట్టడానికి ఈ రెండూ పనికిరావు, దానికి ఒకే వైపు సాన పట్టిన చాకు కావాలి. ఒపినెల్ మీదే మనసుంటే, జేబులోనే పెట్టుకోవాలంటే, 8 నంబరు పట్టుదల వదిలి 7 సెంటీమీటర్ల బ్లేడున్న 6 నంబరు చూడండి. పల్చదనం అదే, కంటికి కనిపించే భయం సగం, జేబుకు బరువు లేదు. ఎందుకో ఆ సైజును మన కొనుగోలుదార్లు పట్టించుకోరు, అందరికీ 8 కావాలి.

కొనేటప్పుడు ఫుట్‌పాత్ మీద దొరికే తెల్ల సిలువ వేసిన ఎర్ర చాకులన్నీ విక్టోరినాక్స్ కావని తెలిసిందే. పెద్ద బ్లేడు మొదట్లో కంపెనీ పేరు, స్విస్ తయారీ అన్న మాట చెక్కి ఉండాలి, తెరిచినా మూసినా టక్ అని ఒకే శబ్దం రావాలి, బ్లేడు పక్కలకు ఊగకూడదు, మూసినప్పుడు పనిముట్లన్నీ ఒకే మట్టానికి దిగాలి. ఒపినెల్‌లో కిరీటం చేయి గుర్తు చూడండి, మూసినప్పుడు బ్లేడు చీలిక మధ్యలో ఉందా, ఒక గోడకు రాసుకుంటోందా చూడండి, రింగు వేలితో తిరగాలి, పట్టకారుతో తిప్పాల్సి వస్తే ఆ ముక్క వద్దు. విక్టోరినాక్స్‌కు తయారీ లోపాల మీద జీవితకాలం గ్యారంటీ ఉంటుంది. అరిగిపోవడం, మొనతో సీసా మూత పెకిలించబోయి విరగ్గొట్టుకోవడం అందులోకి రావు. టింకర్ కొన్నవాళ్లు అన్నిటికన్నా ముందు పోగొట్టుకునేది పిడిలోని టూత్‌పిక్, తుమ్మముల్లు దిగినప్పుడు దేవుడిలా ఆదుకునే ఆ చిన్న పట్టకారు రెండోది. రెండూ విడిగా దొరుకుతాయి, చాకుతో పాటే ఒక జత అదనంగా తీసి పెట్టుకోండి.